బంపరు వెనక యాంటెన్నా: వాహన రాడార్‌కి మొదటి డిజైన్ చేసే దారి

రాత్రి పదకొండు దాటాక శ్రీకాకుళం నుంచి నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం వైపు కారులో వెళ్లినవాళ్లకి ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. ముందు ఉద్దానం కొబ్బరికాయల లోడుతో లారీ. దాని పక్కనే, వెనక లైటు లేని బైకు. మీ హెడ్‌లైటు వెలుగు లారీ మీద పడి మెరుస్తుంది, బైకు మాత్రం దగ్గరికి వచ్చేదాకా కంటికి ఆనదు. కారు ముందున్న రాడార్ ఆ బైకుని లారీ నుంచి విడదీసి చూడగలగాలి. చూడగలదా లేదా అన్నది చాలావరకు యాంటెన్నా తేలుస్తుంది. ఆ తరవాత ఎంత తెలివైన సాఫ్ట్‌వేర్ పెట్టినా, యాంటెన్నా పట్టుకోని సమాచారాన్ని అది పుట్టించలేదు.

నేను కొన్నేళ్లు ఈ పనే చేసి, ఇప్పుడు విజయనగరంలో ఇంజినీరింగ్ పిల్లలకి ప్రాజెక్టుల్లో సాయం చేస్తున్నాను. దాదాపు అందరూ ఒకేలా మొదలుపెడతారు: సిమ్యులేటర్ తెరిచి, ఒక ప్యాచ్ (బోర్డు మీద యాంటెన్నాగా పనిచేసే రాగి ముక్క) గీసి, వెనక్కి తిరిగొచ్చే పవరు గ్రాఫు కిందికి దిగగానే "అయిపోయింది మాస్టారూ" అంటారు. అక్కడికి పని అయిపోయినట్టు కాదు, సరిగ్గా మొదలైనట్టు కూడా కాదు. రోడ్డు ఏం అడుగుతోందో ముందు లెక్క కట్టాలి. ఆ తరవాత బంపరు ఏం ఒప్పుకుంటుందో చూడాలి. రాగి ముక్క కొలతలు వాటి వెనకే వస్తాయి. ఈ మార్గదర్శి ఆ వరసలోనే నడుస్తుంది. మైక్రోస్ట్రిప్ అంటే ఏమిటో, డెసిబెల్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు చివరిదాకా అనుసరించగలరు.

మొదటి అడుగు: రోడ్డుని కోణాల్లోకి మార్చండి

కాగితం, కాలిక్యులేటరు చాలు. జాతీయ రహదారిలో ఒక లేను వెడల్పు 3.5 మీటర్లు. పక్కపక్క లేన్లలో ఉన్న రెండు బళ్ల మధ్య దూరం కూడా సుమారు అంతే. ఆ 3.5 మీటర్లు 20 మీటర్ల దూరంలో 10 డిగ్రీల కోణం చేస్తాయి, 50 మీటర్ల దూరంలో 4 డిగ్రీలు, 100 మీటర్ల దూరంలో 2 డిగ్రీలు. అంటే 100 మీటర్ల దూరంలో లారీనీ బైకునీ విడదీయాలంటే మీ రాడార్‌కి 2 డిగ్రీల విభజన ఉండాలి.

ఇప్పుడు దీన్ని యాంటెన్నా వైపు తిప్పండి. అరతరంగం (తరంగదైర్ఘ్యంలో సగం) ఎడంతో వరసగా పెట్టిన యాంటెన్నాలు ఎన్ని ఉంటే, 2ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేది రేడియన్లలో విభజన. 8 ఉంటే సుమారు 14 డిగ్రీలు. 12 ఉంటే తొమ్మిదిన్నర. 2 డిగ్రీలు కావాలంటే 57 కావాలి. మార్కెట్లో మామూలుగా దొరికే ఒక చిప్పు మూడు ప్రసారాలు, నాలుగు స్వీకరణలు ఇస్తుంది. వాటిని గుణిస్తే తయారయ్యేవి 12 ఛానళ్లే (ఎలాగో ఆరో అడుగులో చూద్దాం). అలాంటి రాడార్ ఒకే దూరంలో, ఒకే వేగంతో పోతున్న లారీనీ బైకునీ 20 మీటర్ల లోపలే విడదీస్తుంది. వేగాలు వేరైతే డాప్లర్ (వేగం వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) సాయం చేస్తుంది. వేగం కలిసిపోతే కోణం ఒక్కటే దిక్కు. అందుకే ఇమేజింగ్ రాడార్లలో అలాంటి చిప్పులు నాలుగు కలిపి, 12 ప్రసారాలు, 16 స్వీకరణలతో 192 ఛానళ్లు చేస్తారు.

ఇక్కడ రెండు మాటల్ని వేరుగా పెట్టుకోండి. ఒంటరిగా ఉన్న బండి ఏ కోణంలో ఉందో చెప్పడం ఒకటి, రెండు బళ్లు ఉన్నాయని గుర్తించడం ఇంకొకటి. మొదటిది 12 ఛానళ్లతోనూ ఒక డిగ్రీ దగ్గర దాకా చేయవచ్చు. రెండోదానికి పొడవైన వరస కావాల్సిందే. ప్రకటనల్లో మొదటి సంఖ్య చూపించి రెండోది ఉన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు, జాగ్రత్త.

నిలువు కోణం కూడా చూడాలి. ఫ్లైఓవర్ కింద 5.5 మీటర్ల ఖాళీ ఉంటుంది. రాడార్ నేలకి అరమీటరు ఎత్తులో ఉందనుకుంటే, 100 మీటర్ల దూరంలో ఆ ఫ్లైఓవర్ అడుగుభాగం కేవలం 3 డిగ్రీలు పైన కనిపిస్తుంది. మీ నిలువు బీమ్ 12 డిగ్రీలుంటే ఆ కాంక్రీటు, ఇనుము అన్నీ అందులోకి వస్తాయి. ఆగి ఉన్న బండి అనుకుని కారు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే వెనకవాడికి ప్రమాదం. నాగావళి, వంశధార వంతెనల మీద ఇనుప జాయింట్లు కింది నుంచి అదే పని చేస్తాయి. కాబట్టి ఎత్తు చెప్పడానికి కనీసం ఒక ప్రసార యాంటెన్నాని మిగతావాటికన్నా కొంచెం పైకి జరిపి పెట్టాలని ఇప్పుడే రాసుకోండి.

చివరిగా బలం లెక్క. రాడార్‌కి లారీ సుమారు 100 చదరపు మీటర్ల లక్ష్యంలా కనిపిస్తే, కారు 10, మనిషి 1 లేదా అంతకన్నా తక్కువ. లారీకీ మనిషికీ మధ్య 20 డీబీ తేడా. మీ యాంటెన్నా పక్క లోబ్‌లు (అసలు బీమ్‌కి పక్కల కారిపోయే చిన్న బీమ్‌లు) 13 డీబీ మాత్రమే కింద ఉంటే, లారీ పక్క లోబ్‌లోంచి వచ్చి మనిషిని మింగేస్తుంది. సమానంగా పవరు పంచిన వరసకి సహజంగా వచ్చేది ఆ 13 డీబీలే. కనీసం 20, కుదిరితే 25 డీబీ లక్ష్యంగా పెట్టుకోండి.

రెండో అడుగు: ఫ్రీక్వెన్సీ

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. పాత తక్కువ దూరపు రాడార్లు 24 గిగాహెర్ట్జ్‌లో ఉండేవి. ఇప్పుడు ప్రపంచమంతా 76 నుంచి 81 గిగాహెర్ట్జ్ వైపు వచ్చేసింది. 76–77 దూరం చూడడానికి, 77–81 దగ్గర చూడడానికి. మన దేశంలో 76–77లో వాహన రాడార్లకి, పవరు హద్దులకి లోబడి, లైసెన్సు మినహాయింపు ఉంది.

కారణం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. 76.5 దగ్గర తరంగదైర్ఘ్యం 3.92 మి.మీ. కాబట్టి అరచేతిలో పట్టే డబ్బాలో సన్నని బీమ్ చేయవచ్చు. బ్యాండు వెడల్పు పెరిగితే దూరంలో విభజన పెరుగుతుంది: 1 గిగాహెర్ట్జ్ వాడితే 15 సెం.మీ., 4 వాడితే 3.75 సెం.మీ. కానీ ఆ బ్యాండంతటా యాంటెన్నా ఒకేలా పనిచేయాలి. ఆ బాధ ఐదో అడుగులో మళ్లీ వస్తుంది.

మూడో అడుగు: బోర్డు

పొందూరు ఖద్దరు గుడ్డని వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూడండి. ఎంత సన్నని నూలైనా పోగు వేరుగా, పోగుకీ పోగుకీ మధ్య సందు వేరుగా తెలుస్తాయి. మామూలు ఎఫ్‌ఆర్4 బోర్డు లోపల కూడా ఇలాంటి నేతే ఉంటుంది, నూలుకి బదులు గాజు పోగు. పోగు ఉన్నచోట డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (పదార్థం తరంగాన్ని ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే సంఖ్య) సుమారు 6, సందులో రెజిన్ ఉన్నచోట 3 చిల్లర. సెల్‌ఫోను ఫ్రీక్వెన్సీలో తరంగం పెద్దది కాబట్టి ఈ తేడాని పట్టించుకోదు, సగటు చూసి సరిపెట్టుకుంటుంది. 77 గిగాహెర్ట్జ్‌లో మీ ప్యాచ్ పొడవే ఒక మిల్లీమీటరు. అది పోగుల మీద పడిందా సందు మీద పడిందా అన్నదాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ మారిపోతుంది. ఒకే ఫైలుతో చేయించిన రెండు బోర్డులు రెండు రకాలుగా వస్తాయి.

పైగా ఎఫ్‌ఆర్4 తరంగాన్ని తినేస్తుంది. దాని నష్ట గుణకం 0.02 దగ్గర. ఇలాంటి ఫ్రీక్వెన్సీలకి వాడే రోజర్స్ ఆర్‌ఓ3003 అనే బోర్డు పదార్థంలో అది 0.001, స్థిరాంకం 3.0, లోపల గాజు నేత లేదు. అందుకే 77కి 0.127 మి.మీ. మందం ఆర్‌ఓ3003 లాంటివి వాడతారు. బోర్డు మొత్తం అదే అయితే ఖర్చు తట్టుకోలేం. పై పొర ఒక్కటి అది పెట్టి, కింద మిగతా పొరలు మామూలు ఎఫ్‌ఆర్4తో చేయిస్తారు.

రాగి నునుపు గురించి కూడా ఆర్డరులో రాయండి. 77 గిగాహెర్ట్జ్‌లో కరెంటు రాగి పైన పావు మైక్రాను లోతులోనే పారుతుంది. రాగి ఉపరితలం ఒకటి రెండు మైక్రాన్ల గరుకు ఉంటే కరెంటు ఆ గుట్టలన్నీ ఎక్కి దిగాలి. రోల్ చేసిన నున్నని రాగి అడగండి. అంతా బాగా ఉన్నా లైనులో సెంటీమీటరుకి సుమారు అర డీబీ పోతుంది. అందుకే చిప్పుకీ యాంటెన్నాకీ మధ్య ప్రతి మిల్లీమీటరు లెక్కే.

నాలుగో అడుగు: ఒక్క ప్యాచ్, దాని కొలతలు

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లని ఒకసారి దగ్గరగా చూడండి. పనస చెక్కలో తొలిచిన వీణ మీద మైనం వేసి, అందులో 24 మెట్లు నిలబెడతారు. తీగ మీటి, చెవి పెట్టి విని, మెట్టుని వెంట్రుకవాసి జరుపుతారు. మెట్టు జరిగి తీగ పొట్టిదైతే స్వరం పెరుగుతుంది. ప్యాచ్ యాంటెన్నా కూడా అంతే. దాని పొడవు, బోర్డు లోపలి తరంగానికి సగం. పొట్టిదైతే ఫ్రీక్వెన్సీ పైకి పోతుంది. తేడా ఏమిటంటే, వీణకి మైనం గట్టిపడేదాకా సవరించుకునే వీలుంటుంది. మనకి బోర్డు ఫ్యాక్టరీకి వెళ్లాక ఆ వీలుండదు.

లెక్క ఇలా సాగుతుంది. ముందు వెడల్పు: గాలిలో అరతరంగాన్ని తీసుకుని, దాన్ని 2 భాగించు (స్థిరాంకం కలుపు 1) వర్గమూలంతో గుణించాలి. 76.5 గిగాహెర్ట్జ్, స్థిరాంకం 3కి వచ్చేది 1.39 మి.మీ. తరవాత ప్రభావ స్థిరాంకం. ప్యాచ్ అంచుల దగ్గర క్షేత్రం కొంత గాలిలో ఉంటుంది కాబట్టి అది 3 కాకుండా 2.69 అవుతుంది. అరతరంగాన్ని దాని వర్గమూలంతో భాగిస్తే 1.195 మి.మీ. రెండు అంచుల దగ్గరా క్షేత్రం 0.061 మి.మీ. చొప్పున బయటికి పొంగుతుంది, ఆ రెండూ తీసేస్తే అసలు పొడవు 1.07 మి.మీ. ఇది మొదటి అంచనా. సిమ్యులేటరులో దీన్నుంచే మొదలుపెట్టి సవరించండి. డబ్బు పెట్టలేని విద్యార్థులకి ఓపెన్‌ఈఎంఎస్ అనే సిమ్యులేటరు ఉచితంగా దొరుకుతుంది, నేర్చుకోవడానికి ఓపిక కావాలి అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పొడవులో 10 మైక్రాన్లు తగ్గితే ఫ్రీక్వెన్సీ సుమారు 640 మెగాహెర్ట్జ్ పైకి పోతుంది. 25 మైక్రాన్లు తగ్గితే 1.6 గిగాహెర్ట్జ్, అంటే మీ 76–77 బ్యాండు మొత్తం దాటిపోయినట్టే. కాబట్టి బోర్డు చేసేవాళ్లని మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "మీ ఎచింగ్‌లో (అక్కర్లేని రాగిని కరిగించి తీసేటప్పుడు) ఎన్ని మైక్రాన్లు అటూ ఇటూ అవుతుంది?" వాళ్లు చెప్పిన సంఖ్యని సిమ్యులేషన్‌లో పెట్టి, ప్యాచ్‌ని అంత పెంచి, అంత తగ్గించి మూడుసార్లు నడపండి. మూడింట్లోనూ బ్యాండు లోపల ఉంటేనే అది డిజైన్.

నా మొదటి బోర్డు విషయంలో నాకిది కష్టంగానే తెలిసింది. కొలిస్తే ఫ్రీక్వెన్సీ కిందికి జారి ఉంది, గెయిన్ తగ్గింది. రెండు రోజులు టెన్షన్ పడి, చివరికి బోర్డుని భూతద్దం కింద పెట్టి చూస్తే ప్యాచ్‌ల మీద ఆకుపచ్చ సోల్డర్ మాస్క్ పొర ఉంది. యాంటెన్నా మీద మాస్క్ వేయొద్దని నేను ఫైలులో ప్రత్యేకంగా గుర్తు పెట్టలేదు, వాళ్లు మామూలుగా వేసేశారు. ఆ సన్నని పొర అంత పని చేసింది. మీరు ఫైలులో మాస్క్ తీసేసిన భాగాన్ని గీయడమే కాదు, పక్కన మాటల్లో కూడా రాయండి. పైపూత ఏది వేస్తారో కూడా అడిగి తెలుసుకోండి. నికెల్ ఉన్న పూతలు నష్టం పెంచుతాయి, ఇమ్మర్షన్ సిల్వర్ లాంటివి మేలు.

ఐదో అడుగు: ప్యాచ్‌లని నిలువు వరస చేయడం

ఒక్క ప్యాచ్ ముందువైపు అంతా చూస్తుంది. ఆకాశం, నేల మనకి అక్కర్లేదు కాబట్టి ప్యాచ్‌లని నిలువుగా ఒకే లైను మీద గుచ్చుతారు, దండలో పూలలాగ. పక్క ప్యాచ్ మధ్యకి దూరం, లైనులోని పూర్తి తరంగం అంత, అంటే సుమారు 2.4 మి.మీ. అప్పుడే అన్నీ ఒకే దశలో ఊగుతాయి. 8 ప్యాచ్‌ల వరస 19 మి.మీ. పొడవుంటుంది, నిలువు బీమ్ 10 డిగ్రీల పైచిలుకు.

పక్క లోబ్‌లు తగ్గాలంటే మధ్య ప్యాచ్‌లు ఎక్కువ పవరు, చివరివి తక్కువ పవరు వెదజల్లాలి. దానికి సులువైన మార్గం వెడల్పులు మార్చడం: మధ్యలో వెడల్పు, చివరల సన్నం. ఎంత మార్చాలో టేలర్ లేదా చెబిషెవ్ పంపిణీ అనే లెక్క చెబుతుంది. వెడల్పు మారితే ప్రతి ప్యాచ్ పొడవూ కొద్దిగా సవరించాలన్నది చాలామంది మరిచిపోతారు. అలా మరిచిపోతే బీమ్ కొద్దిగా పైకో కిందికో వాలుతుంది, పక్క లోబ్‌లు మీరు అనుకున్నంత దిగవు.

ఇలా ఒక చివర నుంచి పవరు ఇచ్చే వరసలో ఒక సహజ లోపం ఉంది. ఫ్రీక్వెన్సీ మారితే ఎడం పూర్తి తరంగం అవదు, బీమ్ వాలిపోతుంది. 76–77 మధ్య అయితే వాలు అటూ ఇటూ సుమారు 0.6 డిగ్రీలు, భరించవచ్చు. 77–81 అంతా వాడితే కనీసం 2.4 డిగ్రీలు, అంటే 100 మీటర్ల దగ్గర 4 మీటర్ల పైమాట. ఒక చిర్ప్‌లోనే (ఫ్రీక్వెన్సీ ఒక్కసారి కింది నుంచి పైకి ఎక్కే లోపే) బీమ్ రోడ్డు నుంచి చెట్టు కొమ్మలకి ఎక్కుతుందన్నమాట. మధ్య నుంచి పవరు ఇస్తే రెండు సగాలూ ఎదురెదురుగా వాలి, మొత్తంగా బీమ్ నిలబడుతుంది, కొంచెం మందమవుతుంది. మరీ వెడల్పు బ్యాండు కావాలంటే ప్యాచ్‌లు వదిలేసి, వేవ్‌గైడ్‌కి (తరంగం పారే బోలు లోహపు గొట్టానికి) గాట్లు కోసిన యాంటెన్నాలకి వెళ్లాలి. లోహపు పూత పూసిన ప్లాస్టిక్‌తో ఇప్పుడవి చేస్తున్నారు. నష్టం తక్కువ, బ్యాండు ఎక్కువ. కానీ మొదటి డిజైన్‌కి ప్యాచ్ వరసే నయం. తప్పు ఎక్కడ జరిగిందో కంటికి కనిపిస్తుంది.

ఆరో అడుగు: వరసలని పక్కపక్కన పేర్చడం

నలుగురు మనుషులు ఒక్కో అడుగు ఎడంతో వరసగా నిలబడి గంట చప్పుడు వింటున్నారనుకోండి. గంట కొట్టేవాడు నాలుగు అడుగులు పక్కకి జరిగి మళ్లీ కొట్టాడు. విన్నది నలుగురే, కానీ లెక్కలో ఎనిమిది చోట్ల నుంచి విన్నట్టు. ఇదే మీమో (అనేక ప్రసారాలు, అనేక స్వీకరణలు వాడే) రాడార్ కిటుకు. స్వీకరణ వరసలు నాలుగు అరతరంగం ఎడంతో, అంటే 1.96 మి.మీ.తో పెట్టండి. ప్రసార వరసలు రెండు దానికి నాలుగు రెట్ల ఎడంతో, 7.84 మి.మీ.తో. ఎనిమిది ఛానళ్ల వరస తయారు. మూడో ప్రసారాన్ని అదే దిశలో మరో 7.84 జరిపితే 12. లేదా మధ్యలో పెట్టి పైకి జరిపితే ఎత్తు తెలుస్తుంది. ఫ్లైఓవర్‌లున్న మన రోడ్డు గుర్తుంటే, నేనైతే రెండోదే ఎంచుకుంటాను.

అరతరంగం ఎడం ఎందుకు? అంతకన్నా ఎక్కువైతే ఒక పక్కనున్న బండి ఇంకో పక్కన ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. అటూ ఇటూ 60 డిగ్రీలే చూస్తాను అనుకుంటే 0.577 తరంగం దాకా పోవచ్చు. ఎడం పెరిగితే విభజన కొద్దిగా మెరుగు, వరసల మధ్య గుసగుసలూ తగ్గుతాయి.

ఆ గుసగుసలే అసలు చిక్కు. ప్యాచ్ వెడల్పు 1.39, ఎడం 1.96. మధ్య ఖాళీ అరమిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. ఒక వరసలోని కరెంటు పక్క వరసలో కొంత పుట్టిస్తుంది. మధ్య వరసకి రెండు పక్కలా పొరుగువాళ్లుంటారు, చివరి వరసకి ఒక పక్కే. అందుకని చివరి వరస చూపు వంకరగా వస్తుంది. మందు సులువే: రెండు చివరలా దేనికీ కలపని ఉత్తుత్తి వరస ఒక్కోటి పెట్టండి. అన్ని వరసలకీ పొరుగు ఒకేలా ఉంటుంది. బోర్డు మీద నాలుగు మిల్లీమీటర్లు ఖర్చు, లాభం మాత్రం కొలతల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

చిప్పు నుంచి ప్రతి వరసకీ లైను పొడవులు సమానంగా గీయండి. తేడాని తరవాత కాలిబ్రేషన్‌లో తీసేయవచ్చు అంటారు. నిజమే, కానీ పొడవులు వేరైతే వేడికి, ఫ్రీక్వెన్సీకి ఆ తేడా మారుతూ ఉంటుంది. ఎండలో కారు బంపరు వెనక ఎంత వేడెక్కుతుందో మే నెలలో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఏడో అడుగు: మేడ మీద చేయగలిగిన ప్రయోగం

77 గిగాహెర్ట్జ్ కొలిచే పరికరాలు జిల్లాలో దొరకడం కష్టం. అంతమాత్రాన చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. భౌతికశాస్త్రం కొలత మారితే మారదు. అన్నింటినీ 13.2 రెట్లు పెంచితే 76.5 కాస్తా 5.8 గిగాహెర్ట్జ్ అవుతుంది, తరంగం 51.7 మి.మీ. దీన్ని 6 గిగాహెర్ట్జ్ దాకా కొలిచే చిన్న వీఎన్‌ఏతో (యాంటెన్నా నుంచి ఎంత పవరు తిరిగొస్తోందో, ఎంత దాటుతోందో చూపే పరికరంతో) కొలవవచ్చు, మామూలు ఎఫ్‌ఆర్4 మీద చేయవచ్చు. నా దగ్గరికి వచ్చే పిల్లల చేత ముందు ఇదే చేయిస్తాను.

1.6 మి.మీ. మందం, స్థిరాంకం 4.4 అనుకుంటే ప్యాచ్ వెడల్పు 15.7, పొడవు 11.7 మి.మీ. కింద నుంచి ఎస్‌ఎంఏ కనెక్టరు పిన్నుని అంచు నుంచి సుమారు మూడో వంతు లోపలికి, 3.9 మి.మీ. దగ్గర సోల్డరు చేయండి. కొలవండి. అనుకున్న చోట రాకపోవచ్చు, ఎందుకంటే బోర్డు స్థిరాంకం నిజంగా 4.4 కాకపోవచ్చు. బ్లేడుతో పొడవు 0.1 మి.మీ. చెక్కితే సుమారు 44 మెగాహెర్ట్జ్ పైకి వెళుతుంది. గొల్లపల్లిలో మెట్టు జరిపినట్టే ఇక్కడ మీరూ జరుపుతారు. చెక్కుతూ కొలుస్తూ గంట గడిపినవాళ్లకి, 77 దగ్గర 10 మైక్రాన్లు ఎందుకంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

తరవాత ఇంకో ప్యాచ్ చేసి 26 మి.మీ. ఎడంతో పక్కన పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎంత దాటుతోందో చూడండి. ఆ తరవాత దాన్ని మీటరు దూరం జరిపి, మొదటిదాన్ని స్టూలు మీద కోణమానిని ఉంచి తిప్పుతూ, ప్రతి 5 డిగ్రీలకీ విలువ రాసుకోండి. గదిలో గోడలు తిరిగి పలుకుతాయి, అందుకే మేడ మీద చేయాలి. నీళ్ల ట్యాంకుకీ, సలాకులు తేలిన స్తంభాలకీ దూరంగా.

ఇక అన్నిటికన్నా నాకు ఇష్టమైన భాగం. కూరగాయలు కోసుకునే తెల్ల ప్లాస్టిక్ పలకలు 8 మి.మీ. మందానివి రెండు తెండి. వాటి పాలిథీన్ స్థిరాంకం సుమారు 2.3, బంపరు ప్లాస్టిక్‌కి దగ్గర దగ్గర. ఈ పదార్థంలో అరతరంగం 17 మి.మీ. ఒక పలకని యాంటెన్నాకి ఎదురుగా ఒక జానెడు దూరంలో నిలబెట్టండి. 8 మి.మీ. అంటే దాదాపు పావు తరంగం. ముందు ముఖం నుంచి, వెనక ముఖం నుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకదానికొకటి తోడవుతాయి. వీఎన్‌ఏ తెర మీద గీత అలలు అలలుగా కదిలిపోతుంది. పలకని ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఆ అలలు ఎక్కి దిగుతాయి. ఇప్పుడు రెండో పలకని మొదటిదానికి అంటించి పట్టుకోండి. మందం రెట్టింపైంది, ఇంకా పాడవ్వాలనిపిస్తుంది. కానీ గీత సద్దుమణుగుతుంది. 16 మి.మీ. అరతరంగానికి దగ్గర కాబట్టి రెండు ముఖాల ప్రతిబింబాలూ ఒకదాన్నొకటి చంపుకున్నాయి. లెక్క ప్రకారం ఒక పలక ప్రతిబింబం 8 డీబీ కింద, రెండు కలిపితే 20 డీబీకి పైగా కింద. "మందం పెరిగితే మంచిదైందేటి మాస్టారూ!" అని ఆశ్చర్యపోని పిల్లవాణ్ణి నేనింకా చూడలేదు.

ఎనిమిదో అడుగు: బంపరు

ఆ పలకల పాఠమే ఇక్కడ పని చేస్తుంది. 76.5 దగ్గర పాలీప్రొపిలీన్ బంపరుకి మంచి మందం 1.29 మి.మీ., లేదా దానికి రెట్టింపు 2.58. బంపరు గట్టిగా ఉండాలి కాబట్టి రెండోదే వాడుకలో పనికొస్తుంది. తరంగం బంపరులోంచి రెండుసార్లు దాటుతుంది, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. ఒక్కో దాటుకి 1 డీబీ పోతే చూపు దూరం 11 శాతం తగ్గుతుంది, 3 డీబీ పోతే 29 శాతం. కాబట్టి బంపరు ముక్కని తెప్పించుకుని, స్క్రూగేజీతో రాడార్ ఎదుటి భాగాన్ని నాలుగైదు చోట్ల కొలిచి, ఆ మందాలనే సిమ్యులేషన్‌లో పెట్టండి. డ్రాయింగులో ఉన్న సంఖ్యని నమ్మొద్దు.

పెయింటు ఇంకో మెట్టు. మెటాలిక్ రంగుల్లో అల్యూమినియం రేణువులుంటాయి. సన్నని పొరే అయినా తరంగానికి చాలా మందమైన పదార్థంలా కనిపిస్తుంది. తెల్ల రంగు కారులో బాగా పనిచేసిన రాడార్, వెండి రంగు కారులో తడబడడానికి కారణం ఇదే. రోడ్డు పక్క షెడ్డులో సొట్ట తీసి, పుట్టీ పెట్టి, మళ్లీ రంగు వేయిస్తే మందం లెక్క మొత్తం మారిపోతుంది. డిజైన్ చేసేవాళ్లు ఆ రెండో పెయింటుని కూడా ఊహించాలి.

బంపరుని యాంటెన్నాకి సరిగ్గా సమాంతరంగా పెట్టకండి, కొన్ని డిగ్రీలు వాల్చండి. తిరిగొచ్చే ప్రతిబింబం నేరుగా యాంటెన్నాలోకి రాకుండా పక్కకి పోతుంది. బ్రాకెట్ గోడలకి తరంగాన్ని పీల్చే పదార్థం అతికించండి.

వాన గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. గంటకి 25 మి.మీ. కురిసే జోరువానలో గాలిలో పోయేది కిలోమీటరుకి సుమారు 10 డీబీ. 100 మీటర్ల దూరం, వెళ్లి రావడానికి 200 మీటర్లు, అంటే 2 డీబీ. అది తట్టుకోవచ్చు. బంపరు మీద పొరలా నిలిచే నీరు అంతకన్నా చాలా ఎక్కువ హాని చేస్తుంది. కాబట్టి రాడార్ ఎదుట ఉపరితలం దాదాపు నిలువుగా, నున్నగా, నీరు జారిపోయేలా ఉండాలి. పైన ఒక చిన్న అంచు ఉండి నీటిని పక్కలకి మళ్లిస్తే మరీ మంచిది. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి ఉంటుంది కాబట్టి డబ్బా సీలు గురించి కూడా పట్టించుకోండి.

తొమ్మిదో అడుగు: కాలిబ్రేషన్

రేకుల పని చేసేవాళ్ల దగ్గర మూడు అల్యూమినియం త్రికోణాలు కోయించి, గది మూలలా మూడూ లంబంగా కలిసేలా బిగించండి. అంచు 10 సెం.మీ. ఉంటే ఇది 76.5 దగ్గర సుమారు 27 చదరపు మీటర్ల లక్ష్యంలా మెరుస్తుంది, రెండు మూడు కార్లంత. కోణం ఒక డిగ్రీ తప్పినా బలం పడిపోతుంది కాబట్టి మూలమట్టంతో సరిచూసుకోండి. దాన్ని ఖాళీ మైదానంలో పది మీటర్ల దూరంలో, సరిగ్గా ఎదురుగా పెట్టి, ప్రతి ఛానల్ దశనీ బలాన్నీ రాసుకోండి. తేడాలని సాఫ్ట్‌వేర్‌లో సరిచేయండి. తరవాత రాడార్‌ని తిప్పుతూ అటూ ఇటూ 60 డిగ్రీల దాకా అది చెప్పిన కోణాన్ని, నిజం కోణాన్ని పక్కపక్కన రాయండి. ముందు బంపరు లేకుండా, ఆ తరవాత బంపరుతో. రెండు పట్టికల మధ్య తేడా, ఎనిమిదో అడుగు మీరు ఎంత బాగా చేశారో చెబుతుంది.

ఆ తరవాత రోడ్డు మీదికి వెళ్లండి, పగలు ఒకసారి, రాత్రి ఒకసారి. సర్వీసు రోడ్డులో ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టిన చోట, ఆవులు పడుకున్న చోట, వంతెన జాయింటు దగ్గర, టోల్‌గేటు ఇనుప గేట్ల మధ్య రాడార్ ఏం చూస్తోందో రికార్డు చేయండి.

ఒక చిన్న సంగతి, డిజైన్ కాగితాల్లో ఎక్కడా ఉండనిది. విజయనగరంలో కొత్త కారుకి పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర పూజ చేయిస్తారు. దసరాకి బంపరు నిండా తడి బంతిపూల దండ, మధ్యలో నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు. బంతిపూలూ నిమ్మకాయలూ అంటే రాడార్‌కి నీళ్ల మూటలే. పూజ అయ్యాక ఇంటికి బయలుదేరితే డ్యాష్‌బోర్డు మీద రాడార్ మూసుకుపోయిందన్న హెచ్చరిక వెలగవచ్చు. ఒక లారీ డ్రైవరు నన్ను అడిగాడు, "అయితే ఆ డబ్బా ముందు నిమ్మకాయ కట్టకూడదేటి బాబూ?" అని. దండ కట్టుకోండి, డబ్బా ఎదురుగా ఒక బెత్తెడు చోటు వదిలి పక్కల కట్టండి అన్నాను. ఇప్పుడు నా పిల్లల టెస్టు జాబితాలో తడి దండ ఒక అంశం. బజారు నుంచి నాలుగు మూరలు తెచ్చి, నీళ్లు చల్లి, బంపరు మీద వేలాడదీసి, రాడార్ తనకి కనిపించడం లేదని ఎన్ని సెకన్లలో ఒప్పుకుంటుందో కొలుస్తారు.